ముందుది, తర్వాతది

చప్పుడుతోనే మెలకువ వచ్చిందతనికి.

గిన్నెలో నీళ్ళు కుతకుత ఉడుకుతుంటే, గుడ్లు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ గిన్నె అంచులకు తగులుతున్న చప్పుడది. టక్కున ఒకటి. టకటకమని రెండు. కాసేపు ఊరుకుని మళ్ళీ ఒకటి. కళ్ళు తెరవకముందే అతని గుండె జారిపోయింది. ఆ ఇంట్లో అది పరుగెత్తి వచ్చినవాడు వినవలసిన చప్పుడు. అతనింకా దుప్పటి కిందే ఉన్నాడు.

ఆ ఇంట్లో పొద్దుటి తిండికి రెండే పేర్లు. పరుగుకు ముందు తినేది ముందుది. పరుగెత్తి వచ్చి, ఒళ్ళు తుడుచుకుని తినేది తర్వాతది. ముందుది అంటే ఒక అరటిపండు, నాలుగు గుక్కల పాలు. తర్వాతది అంటే ఉడికిన గుడ్లు, బంగాళాదుంప, కాల్చిన రొట్టె. ఆ పేర్లు పెట్టింది అతని భార్య.

పెళ్ళయిన కొత్తలో ఒకనాడు కడుపునిండా తిని మైదానానికి వెళ్ళాడతను. కొత్త పెళ్ళాం వండిపెట్టింది కాదనలేకపోయాడు. రెండో చుట్టు తిరక్కుండానే డొక్కలో కత్తి దిగినట్టయి కూలబడ్డాడు. ఎవరో సైకిలు మీద ఎక్కించుకొచ్చి గుమ్మం ముందు దింపిపోయారు. ఆమె అటు నవ్వూ ఆపుకోలేక, ఇటు జాలీ దాచుకోలేక, తలుపుకు ఆనుకుని నిలబడి అన్నది:

"నిండుకుండ తొణకదంటారు. నిండు కడుపుతో పరుగెత్తితే తొణక్కుండా ఉంటుందాండీ?"

ఆనాటి నుంచి అతని కడుపు ఆమె ఏలుబడిలోకి వెళ్ళిపోయింది. ఆమె దర్జీ. ఇంట్లోనే మిషను పెట్టుకుని వీధిలోని పిల్లలందరికీ బడిబట్టలు కుట్టేది. బట్టను కొలిచినట్టే అతని ఆకలినీ కొలిచేది. ఎక్కడ వదులు చెయ్యాలో, ఎక్కడ బిగించాలో ఆమెకే తెలుసు. "ముందుది ఎక్కువైతే పరుగు చెడుతుంది, తర్వాతది ఆలస్యమైతే మనిషి చెడతాడు" అనేది, ముఖం గంభీరంగా పెట్టి. పందేలకు వెళ్ళే పరుగు కాదతనిది. ఎన్నడూ ఒక్క కప్పు ఇంటికి తెచ్చిన పాపాన పోలేదు. తెల్లవారుజామున మైదానం చుట్టూ తిరిగి, మెట్లెక్కి వచ్చి, తలుపు తోసి, లోపలినుంచి "వచ్చారా?" అన్న మాట వినడం కోసమే పరుగెత్తినట్టు పరుగెత్తేవాడు.

"ఏమండీ, ముందుది" అన్న పిలుపుకూ, "ఏమండీ, తర్వాతది" అన్న పిలుపుకూ నడుమ అతని పరుగు. అలా వాళ్ళ కాపురం నడిచింది, నడిచిందనేకంటే పరుగెత్తిందనాలి.

నిరుడు ఆమె ఒక పిల్లవాడి చొక్కాకు మెడ ఉండవలసిన చోట చెయ్యి కుట్టింది. అందరూ నవ్వారు, ఆమె కూడా నవ్వింది. తర్వాత ఇంటికి దారి తప్పింది. అప్పుడెవరూ నవ్వలేదు. మతిమరుపు జబ్బన్నాడు డాక్టరు. తగ్గించే మందు లేదనీ, మెల్లగా నడిపించుకోవడమే చేతిలో ఉన్నదనీ చెప్పి, చివరికి ఒక మాటన్నాడు: "వరస చెడనివ్వకండి. ఏ పని తర్వాత ఏ పనో, ఆ వరసే ఆవిడకు చేతికర్ర. మనుషుల్ని కూడా దాన్ని పట్టుకునే గుర్తుపడుతుంది."

అతను తలూపాడు. లేతు మిషను మీద ఇనుము కోసేవాడికి వరస గురించి ఒకరు చెప్పాలా? ముందు బెజ్జం తొలవాలి, తర్వాత అందులో మర తియ్యాలి. తొలవని ఇనుములో మర పుట్టదు.

కానీ ఇనుముకు ముఖం ఉండదు.

మొన్న ఇలాగే, అతను మంచం దిగకముందే గుడ్లు ఉడికాయి. "ఇదేంటి, నేనింకా వెళ్ళనే లేదుగా!" అన్నాడు నోరు జారి. ఆమె గరిటె పట్టుకున్న చేత్తో అలాగే నిలబడిపోయింది. కిటికీ వైపు చూసింది, పొయ్యి వైపు చూసింది, అతని వైపు చూసింది. పొద్దు ఎక్కడిదాకా వచ్చిందో ఆ మూడింటిలో ఏదీ ఆమెకు చెప్పలేదు. మరుక్షణం గిన్నె ఎత్తి, వేడినీళ్ళతో సహా గుడ్లన్నీ చెత్తబుట్టలో కుమ్మరించి, చేతులు వెనక దాచుకుంది. దొంగతనం చేస్తూ దొరికిపోయిన పిల్లలా. ఆ ముఖం అతన్ని రోజంతా వెంటాడింది. మిషను మీద కోస్తున్న ప్రతి మరలోనూ అదే ముఖం తిరిగింది.

ఈరోజు మళ్ళీ అదే చప్పుడు.

అతను లేచాడు. అడుగుల చప్పుడు కాకుండా స్నానాలగదిలోకి వెళ్ళి, నెత్తిన రెండు చెంబులు గుమ్మరించుకుని, తువ్వాలు మెడలో వేసుకుని వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు.

"వచ్చారా?" ఆమె ముఖం వెలిగింది. "ఇవాళ తొందరగా వచ్చేశారే?"

"గాలి చల్లగా ఉంది. కాళ్ళు తేలిగ్గా ఆడాయి."

"చూశారా, నిన్న రాత్రి తక్కువ తినమన్నది అందుకే. కూర్చోండి, కూర్చోండి, తర్వాతది చల్లారిపోతుంది."

కూర్చున్నాడు. తిన్నాడు. గుడ్డంత అబద్ధం, అనుకున్నాడు. అయితే గుడ్డన్నాక లోపలినుంచి ఏదో ఒకటి పెంకు పగలగొట్టుకుని రాకమానదు. ఆ సంగతి అప్పటికతనికి తోచలేదు.

*

ఆ అబద్ధం రోజూ ఒక గుడ్డు పెట్టింది. ఒక్కోనాడు తిని చెయ్యి కడుక్కునేలోపే మళ్ళీ గుడ్లు ఉడికేవి. "వచ్చారా?" అని మళ్ళీ అదే వెలుగు. మళ్ళీ తడిసిన తల, మళ్ళీ కంచం. ఆమె పెట్టింది వద్దనడం పెళ్ళయిన కొత్తలోనే అతనికి చేతకాలేదు, ఇప్పుడేం చేతనవుతుంది?

మొదట్లో తినేసి కూడా మైదానానికి వెళ్ళి చూశాడు. ఒక చుట్టు తిరిగేసరికి కడుపులోనిదంతా గొంతులోకి వచ్చింది. కంచె పట్టుకుని వంగి కక్కుకుంటుంటే, అక్కడ అందరికన్నా నిదానంగా పరుగెత్తే బడిపంతులు ఆగి వీపు నిమిరాడు. ఆయన్ని అందరూ తాబేలు మాస్టారంటారు, ఇతన్ని లేతు అంటారు.

"ఏమయ్యా లేతూ, పరుగుకు ముందు పెళ్ళిభోజనం చేసొచ్చావా?"

"ముందుది కాదు మాస్టారూ, తర్వాతది."

"తర్వాతది ముందు తిన్నావా! నిన్నగాక మొన్న పుట్టిన పిల్లలకు కూడా చెప్పేవాడివి కదయ్యా, తిని పరుగెత్తకండిరా అని. మీ ఆవిడ కోప్పడలేదూ?"

అతను నోరు తుడుచుకుని నవ్వబోయాడు. నవ్వు రాలేదు. తాబేలు మాస్టారు అదేమిటని అడగలేదు. తన నిదానం తాను పరుగెత్తుకుంటూ వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత అతను మైదానానికి వెళ్ళడం మానేశాడు.

పనిలోనూ కునుకు పట్టేది. ఒకనాడు తొలవని ముక్కకే మర తియ్యబోయి, పనిముట్టు విరగ్గొట్టాడు. మేస్త్రీ తిట్టలేదు. విరిగిన మొన చేతిలోకి తీసుకుని, "పనికి కొత్తవాళ్ళు కూడా చెయ్యరు కదన్నా ఇలాంటిది" అని మాత్రం అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేదనిపించిందతనికి.

ఇంట్లో మూడో మనిషి మరదలు. బస్టాండులో టికెట్లిచ్చే ఉద్యోగం ఆమెది. పెళ్ళి వద్దనుకుని, ఆ మాట మీదే నిలబడ్డ మనిషి. అక్కకు జబ్బని తెలిసిన నాడే పెట్టె సర్దుకుని వచ్చేసింది. తెల్లారకముందే డ్యూటీకి వెళ్ళి సాయంత్రానికి చేరుతుంది గనక పొద్దుటి భాగోతం ఆమెకు తెలియదు. తెలిసిందల్లా బావ నడుమే.

"ఏంటి బావా, బెల్టు కొత్త బెజ్జం వెతుక్కుంటోంది?"

"తోలు సాగింది."

"తోలు సాగితే బెజ్జం లోపలికి జరగాలి. బయటికి జరుగుతోందంటే సాగింది నువ్వు." వెక్కిరించింది. "మా బస్టాండులో కూడా ఉన్నాయిలే, కదలకుండా నిలబడి పొట్టలు పెంచుకున్న పాత బస్సులు. పరుగు మానేశావా ఏంటి?"

"మానేదేముంది, వెళ్తూనే ఉన్నా."

ఆమె కాసేపు అతని ముఖంలోకి చూసింది. రోజూ వందలమంది ముఖాలు కిటికీలోంచి చూసే మనిషి. ఎవరు ప్రయాణం చేసేవాళ్ళో, ఎవరు ఊరికే నిలబడ్డవాళ్ళో ఇట్టే పోల్చుకుంటుంది. ఆ మాటతో వేళాకోళం ఆగిపోయింది.

ఆ వారంలోనే అది జరిగింది. సాయంత్రం అతను పనినుంచి వచ్చి తలుపు తోశాడు. కిటికీ దగ్గర కూర్చున్న భార్య తలతిప్పి చూసి, లేచి, వినయంగా పక్కకు జరిగి, లోపలికి కేకేసింది:

"ఏమేవ్, ఎవరో వచ్చారు చూడవే."

మరదలు వంటింట్లోంచి వచ్చింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. భార్య మళ్ళీ కిటికీ వైపు తిరిగిపోయి, వీధిలోకి తొంగిచూస్తూ, "మీ బావ పరుగుకని వెళ్ళి ఇంకా రాలేదేంటే? ఇంతసేపెప్పుడూ ఉండరే" అన్నది.

మరదలు అతన్ని చెయ్యిపట్టి మేడమెట్ల దాకా లాక్కుపోయింది. మెట్ల మీద కూర్చోబెట్టి, ఎదురుగా నిలబడి, "ఇప్పుడు చెప్పు" అన్నది.

చెప్పాడు. గుడ్ల చప్పుడు చెప్పాడు. చెత్తబుట్ట చెప్పాడు. దాచుకున్న చేతులు చెప్పాడు. చెంబునీళ్ళు చెప్పాడు. చెప్పినకొద్దీ మరదలి ముఖంలో కోపం కరిగి, కింద ఇంకేదో తేలింది.

"రోజూ తల తడుపుకున్నావు సరే. ఒక్కరోజైనా తలుపు తోసుకుని వచ్చావా?"

అతను తల దించుకున్నాడు.

"ఎన్నేళ్ళనుంచో మా అక్క ఒక చెవి మెట్ల మీదే వేసుకుని ఉండేది బావా. నీ అడుగుల చప్పుడు, తలుపు చప్పుడు, ఆ రొప్పు, ఆ చెమట కంపు. దానికి మొగుడంటే అదంతా. నువ్వేమో పక్కగదిలోంచి వచ్చి కూర్చున్నావు. పక్కగదిలోంచి ఎవరైనా వస్తారు." గొంతు సవరించుకుంది. "వెళ్ళనివాడు ఎలా వస్తాడు, బావా?"

"దాని ముఖం నువ్వు చూడలేదు ఆరోజు. సిగ్గుతో చచ్చిపోయింది. ఆ సిగ్గు మళ్ళీ పడనివ్వకూడదనుకున్నా, అంతే."

"దాని సిగ్గు కాపాడావు. నిన్ను పోగొట్టావు."

ఆ మాట అన్నాక ఆమెకే ఎక్కువ దెబ్బ తగిలినట్టుంది. కిందమెట్టు మీద కూర్చుండిపోయి, చెంగుతో ముక్కు తుడుచుకుంది. మళ్ళీ తనే అన్నది: "ఏడుద్దాంలే, దానికేం తొందర. రేపు నేను సెలవు పెడతాను. పొయ్యి నా కనుసన్నల్లో ఉంటుంది. నువ్వు ముందుది తిని వెళ్ళు. నిజంగా పరుగెత్తు. దొంగనీళ్ళు కాదు, నిజం చెమటతో రా. వరస తప్పి వెళ్ళిపోయిన మనిషి వరస పట్టుకునే తిరిగొస్తుందేమో చూద్దాం."

"రాకపోతే?"

"టికెట్ ఇచ్చేదాన్ని నేను. బస్సు వస్తుందో రాదో నన్నడిగితే ఎలా?"

*

మర్నాడు గుడ్ల చప్పుడు లేదు. మరదలు పొయ్యికి కాపలా ఉంది. భార్య నిద్రలోనే ఉంది, మోచెయ్యి తలకింద పెట్టుకుని. అతను అరటిపండు తానే ఒలుచుకున్నాడు. తనే ఒలుచుకుని తిన్న ముందుది అదే మొదటిసారి. పండు చప్పగా ఉంది. పాలు నాలుగు గుక్కలు తాగి, బూట్ల తాళ్ళు బిగించి, తలుపు మెల్లగా కాక, కావాలనే గట్టిగా వేసి వెళ్ళాడు.

మైదానం మంచులో ఉంది. మొదటి చుట్టు బరువుగా సాగింది. పెరిగిన నడుము ఊగింది, మోకాళ్ళు మొరాయించాయి, మానేసిన రోజులన్నీ వరసగా వచ్చి కాళ్ళకు చుట్టుకున్నాయి. రెండో చుట్టులో ఊపిరి దారిలో పడింది. ఆ తర్వాత కాళ్ళకు పాట గుర్తొచ్చింది. అడుగు, అడుగు, ఊపిరి. అడుగు, అడుగు, ఊపిరి. వచ్చారా, వచ్చారా, అన్నట్టే వినపడింది నేల. ఖాళీ కడుపు గాలిబుడగలా తేలిగ్గా ఉంది, అందులో ఒక ఆశ మాత్రం నిండుగా ఉంది. తాబేలు మాస్టారు చెయ్యి ఊపాడు. అతను ఊపలేదు, ఆ కాస్త బలం కూడా మెట్లకు దాచుకున్నాడు.

మెట్లెక్కాడు, వినపడేలా. రొప్పును ఆపుకోలేదు. చెమటను తుడుచుకోలేదు. తలుపు తోశాడు.

ఆమె బల్ల దగ్గర ఉంది. తల దువ్వుకుని, చక్కగా ముడి వేసుకుని ఉంది. బల్ల మీద కంచం, కంచంలో పెంకు తీసిన గుడ్లు, బంగాళాదుంప, రొట్టె. మరదలు వంటింటి గుమ్మంలో ఊపిరి బిగబట్టి నిలబడి ఉంది.

భార్య తలెత్తింది. చూసింది. ఆ చూపు అతని తడిసిన జుట్టు మీద ఆగింది, బూట్ల మీద ఆగింది, మళ్ళీ ముఖం మీదికి వచ్చింది. పెదవులు కదిలాయి. వచ్చారా అన్న మాటకు అవి ఎలా విచ్చుకుంటాయో అతనికి తెలుసు. అలాగే విచ్చుకున్నాయి.

"అయ్యో, ఎవరండీ? తడిసిపోయారే అన్నయ్యగారూ!"

మరదలు గబుక్కున ముందుకొచ్చింది. "అక్కా, ఆయనే—"

"నేనే," అన్నాడతను. ఈసారి అబద్ధం లేదు, చెంబునీళ్ళు లేవు. "నేనే వచ్చాను. పరుగెత్తి వచ్చాను. నీ మొగుణ్ణి."

ఆమె నొచ్చుకోలేదు. పెద్దమనిషేదో పరధ్యానంలో అన్నమాటను సరిదిద్దినట్టు మర్యాదగా నవ్వింది. "మావారు పరుగుకెళ్ళారండీ. వచ్చే వేళే. కూర్చోండి, ఆయన్ని కలిసే వెళ్దురుగాని. ఏమేవ్, అన్నయ్యగారికి మంచినీళ్ళివ్వు."

కూర్చున్నాడు. మరదలు గ్లాసు తెచ్చింది. అతను తాగాడు. ఎదురుగా అతని కంచం, అతని తిండి. కడుపు కరకరమంది. ఎవరికీ తెలియని రహస్యంలా దాన్ని లోపలే నొక్కిపెట్టుకున్నాడు. తిండి మీదే నిలిచిన అతని చూపు ఆమె కనిపెట్టింది కాబోలు, కంచాన్ని మెల్లగా తన వైపుకు జరుపుకుంది.

"ఏమీ అనుకోకండి. మీకు ఇంకోటి పెడతాను. ఇది మాత్రం ఆయనది."

"పరవాలేదమ్మా." అమ్మా అన్న మాట అతని నోట్లోంచి దానంతటదే వచ్చింది. "నేనూ ఆయన కోసమే చూస్తాను."

ఇద్దరూ ఎదురుచూశారు. ఆమె తలుపు వైపు చూసింది; అతను ఆమె వైపు చూశాడు. రొట్టె మెత్తబడింది. దుంపల మీది పొగ సన్నబడి, తెగిపోయింది. ఆమె వేళ్ళు బల్ల అంచు మీద లేని బట్టకు కుట్టు వేస్తున్నట్టు కదలసాగాయి.

"ఆలస్యం చేస్తున్నారు," అన్నది. "ఇంత ఆలస్యం చెయ్యకూడదు. పరుగెత్తి వచ్చిన ఒళ్ళు, వెంటనే ఏదో ఒకటి పడాలి. లేకపోతే మనిషి చెడిపోతాడండీ."

"అవునమ్మా," అన్నాడతను. "చెడిపోతాడు."

ఆమె ఇక కూర్చోలేకపోయింది. లేచి, వసారాలోకి వెళ్ళి, కమ్మీ పట్టుకుని వీధిలోకి వంగింది. అతను లేచాడు. పరాయివాడు ఎంత దూరంలో నిలబడాలో అంత దూరంలో, ఆమె వెనక నిలబడ్డాడు.

"ఏమండీ!" అని పిలిచిందామె.

పాలసీసాలు దింపుతున్నవాడు తలెత్తాడు. సైకిలు మీద పోతున్న పెద్దాయన బ్రేకు వేసి వెనక్కి చూశాడు. ఎదురింటి వసారాలో గడ్డం గీసుకుంటున్న మనిషి సబ్బు ముఖంతోనే ఇటు తిరిగాడు. ఆమె గతుక్కుమని ఒక అడుగు వెనక్కి వేసింది.

"అయ్యో. అందరూ చూస్తున్నారండీ."

"ఏమండీ అంటే ఊళ్ళో మగాళ్ళందరూ పలుకుతారమ్మా," అన్నాడతను. "ఎవరి పెళ్ళాం పిలిచిందో వాళ్ళకెలా తెలుస్తుంది? పేరు పెట్టి పిలవండి."

"పేరు పెట్టా!" ఆమె ముఖం ఎర్రబడింది. జబ్బు ఎన్నో తీసుకుపోయింది గానీ ఆ సిగ్గును తీసుకుపోలేదు. అది నిన్నగాక మొన్న కాపురానికి వచ్చిన పిల్ల సిగ్గు. "బాగుంటుందా? ఎప్పుడూ పిలవలేదండీ."

"ఆయనేమీ అనుకోడు."

"మీకెలా తెలుసు?"

"నాకు తెలుసమ్మా."

ఆమె లోపలికి, బల్ల మీది కంచం వైపు చూసింది. చల్లారిపోతున్న ఆ తిండి ఆమెకు ధైర్యమిచ్చినట్టుంది. రెండు చేతులతో కమ్మీని గట్టిగా పట్టుకుంది. మునివేళ్ళ మీద లేచింది. పనిచేసే చోట, అద్దె తీసుకునే ఇంటివాళ్ళ దగ్గర, లోకంలో ఇందరి నోళ్ళలో నలిగి, ఈ ఒక్క నోటికే దూరమైన అతని పేరది. అతను కళ్ళు మూసుకున్నాడు. వెనక మరదలు వెక్కుతున్నది వినపడింది, అదీ ఆగింది.

లేత ఎండ పడుతున్న వీధిలోకి, గొంతు నిండా గాలి తీసుకుని, ఆమె పిలిచింది:

"తారకంగారూ!"